విల్మా పెట్టని సంతకం

విల్మా పెట్కావ్‌కు అరవై ఆరేళ్లు. కెనడాలోని విన్నిపెగ్‌లో, దెబ్బలు తాళలేక ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్లకు మేం నడిపే ఆశ్రయంలో పదిహేడేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతోంది. కారు తనదే. మొదటి పాఠం బ్రేకు కాదు, చలికి ఇంజిను గడ్డకట్టకుండా రాత్రంతా వెచ్చబెట్టే హీటరు ప్లగ్గును గోడ నుంచి పీకడం. అది మరిచి కారు కదిలిస్తే వైరు తెగుతుంది. "ముందు ప్లగ్గు తల్లీ, తర్వాతే స్వాతంత్ర్యం!" అని అరుస్తుంది.

తనింట్లో చివరి మాట మొగుడిదేనట. అది వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ జనవరిలో, కమిటీలోకి కొత్తగా వచ్చిన టామ్సిన్ ఒక కాగితం తెచ్చింది. "నేను ఫెమినిస్టును" అని అందరూ సంతకం పెట్టాలట. పెట్టనివాళ్లకు ఇక్కడ పని లేదట. మా దగ్గర అందరి బొటనవేళ్లూ పైకి లేస్తేనే ఏ తీర్మానమైనా చెల్లుతుంది.

విల్మా కాగితం వెనక్కి నెట్టింది. "కానిదాన్ని అవునని ఎలా రాయనమ్మా?"

"అయితే మగాడి మాట వినమని వీళ్లకు నేర్పుతారా?" అంది టామ్సిన్.

"నేను నేర్పేది రివర్స్. మా ఆయనకు అదీ రాదు."

ఎవరూ నవ్వలేదు. గంటసేపు అదే రగడ. ఆ గంటలో ముగ్గురికి పార్కింగ్ నేర్పొచ్చు, ఖర్మ!

తలుపు దగ్గర నిలబడ్డ రోజలిండ్ ఇక ఆగలేకపోయింది. ఆశ్రయానికొచ్చి ఆరు వారాలైంది. లైసెన్సు వస్తేనే ఆమెకు ఉద్యోగం, ఆ ఉద్యోగముంటేనే సొంత గది.

"గురువారం నా పరీక్ష. ఈమెను పంపేస్తే ఎవరి కార్లో వెళ్లాలి? నన్నొక్కరైనా అడిగారా?"

"సారీ రోజలిండ్, ఇక్కడుండేవాళ్లకు ఓటు లేదు," అంది టామ్సిన్.

ఆ నిబంధన రాసింది ఎవరో కాదు, నేనే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

బొటనవేళ్లు లేచాయి. విల్మాది సరేసరి, నాదీ లేవలేదు. తీర్మానం వీగిపోయింది.

"మీరు కూడానా?" అంది టామ్సిన్.

"విల్మాతో పోట్లాడతాను, రోజూ పోట్లాడతాను. కానీ గెంటేయను. నీ మాటా వింటాను, కూర్చో."

కూర్చోలేదు. కాగితం లాక్కుని విసవిసా బయటికెళ్లి తన కారెక్కింది. చలికి కోటు కూడా లేకుండా రోజలిండ్ వెనకే పరిగెత్తింది.

"ఆగమ్మా! ప్లగ్గు! ముందు ప్లగ్గు!"

కారు ఆగింది. రోజలిండ్ ప్లగ్గు పీకి, వైరు చుట్టి, కిటికీలోంచి టామ్సిన్ చేతికిచ్చింది.

"థాంక్స్," అంది టామ్సిన్ తల దించుకుని.

"పర్లేదులే, దీనికి ఓటక్కర్లేదుగా."