గుమ్మం బయట ఆగిపోయిన ఊత

కరోనా తగ్గి ఊళ్లు మళ్లీ మామూలైన ఏడాది. మా వర్క్‌షాపు తెనాలిలో. వారానికో రోజు బాపట్లలో ఒక ఎముకల డాక్టరుగారి క్లినిక్‌లో కూర్చునేవాణ్ణి. ఆర్థోసిస్‌లు చేయడం నా పని. ఆర్థోసిస్ అంటే బలం తగ్గిన అవయవానికి బయటినుంచి ఇచ్చే ఊత. అది జబ్బు నయం చేయదు, నయమయ్యేదాకా ఆదుకుంటుంది.

పేరాల నుంచి మల్లేశ్వరరావు అనే నేతపనివాడు వచ్చాడు. బండి మీంచి పడి మోకాలి పక్కనున్న నరం దెబ్బతింది. కుడి పాదం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలకు రాసుకుంటాయి. దీన్ని ఫుట్ డ్రాప్ అంటాం. కొలతలు తీసి ఏ.ఎఫ్.ఓ. చేసిచ్చాను. పిక్క వెనక నుంచి అరికాలి కిందికి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పట్టీ అది. పాదం నొక్కితే వంగుతుంది, వదిలితే పైకి లేపుతుంది. చెప్పులో అమర్చి చూపించి, "రోజంతా ఉంచుకోవాలి బాబాయ్" అన్నాను.

క్లినిక్‌కి వచ్చిన ప్రతిసారీ అది కాలికే ఉండేది. అయినా పిక్క బిగుసుకుపోతోంది, ఇంట్లో పడుతూనే ఉన్నాడు.

"మగ్గం మీద కాలు నిలవట్లేదండి. మగ్గమే ఇప్పేసి అమ్మేద్దామనుకుంటన్నా" అన్నాడు ఒకరోజు.

పట్టీ కాలికుండగా ఇలా ఎందుకవుతోందని నాకు ఒళ్లు మండింది. ఆ ఆదివారమే వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం బయట చెప్పుల మధ్య, ఆయన కుడి చెప్పులో నా ఏ.ఎఫ్.ఓ. నిటారుగా నిలబడి ఉంది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"చెప్పుల్తో ఇంట్లోకి ఎట్టా వస్తామండి? మగ్గం గుంటలోకైతే అసలు దిగం" అన్నాడు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

నేసేటప్పుడు కాళ్లు దించి కూర్చునే గుంట అది, ఆయన రోజంతా గడిచేది అందులోనే. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మరుసటి వారం ఇంట్లోకి వేరే ఒకటి చేసి పట్టుకెళ్లాను, చెప్పు అక్కర్లేకుండా అడుగున జారని రబ్బరుతో. "ఇది వీధిలోకి రాదు పిన్నిగారూ" అంటూ ఆయన భార్య చేతికిచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, పసుపు రాసి బొట్టు పెట్టింది.

"ఇంక ఇది మగ్గం సామానే. ఏసుకో."

ఆయన గుంటలో దిగి, కాలితో తొక్కే చెక్కను నొక్కి వదిలాడు. పాదం తనంతట తాను లేచింది. మళ్లీ నొక్కాడు.

"లెగుస్తందే" అన్నాడు భార్యతో. మగ్గం అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఎవరికి కొలతలు తీసినా, చెప్పులు ఎక్కడ విప్పుతారో ముందు అడుగుతాను.

నరం కోలుకున్నాక మల్లేశ్వరరావు మొదటిది తెచ్చి, ఇంకెవరికైనా పనికొస్తుందేమో చూడమన్నాడు. రెండోది ఇవ్వలేదు. దసరాకి మగ్గంతో పాటు దానికీ బొట్టు పెడుతున్నారట.