కనకాంబరాలకు కప్పిన చీర

మా అమ్మ జీవితంలో పూలు కొనలేదు. ఒకప్పుడు ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మా తాతగారి తోట పూలే గంపలకెత్తి పంపేవారట. తోట పోయింది, తర్వాత ఇల్లు పోయింది, చివరికి వీధి గేటు కూడా ఊడదీసి అమ్మారు. అమ్మ మాత్రం పూలబండి దగ్గర ఆగలేదు. ఒక పెళ్ళిలో పిన్ని మూరెడు కనకాంబరాలు తెచ్చి జడలో పెట్టబోతే, "కొన్నవా? వద్దులే" అంది. పూల్లేని జడతోనే ముందు వరసలో నిటారుగా కూర్చుంది.

గ్రేటర్ నోయిడాలో నేను కింది అంతస్తు ఫ్లాట్ పట్టుబట్టి తీసుకున్నది వరండా ముందున్న కాస్త మట్టి కోసం. ఇక్కడి వాళ్ళు నవంబరులో నర్సరీ నుంచి పెటూనియా పూల నారు తెచ్చి నాటుతారు. ఏప్రిల్ ఎండలకు అది మాడగానే పీకి చెత్తబండిలో వేస్తారు. నాకది అద్దెకు తెచ్చిన వైభవం. ఏళ్ళ తరబడి ఉండే మొక్కలే పెడతానన్నాను. నూరువరహాలు ఇక్కడి ఉప్పునీళ్ళకు ఆకులు పాలిపోయి చచ్చిపోయాయి. ఎర్రమందారం, నందివర్ధనం నిలిచాయి. గోడ మీదికి కాగితంపూల తీగ ఎక్కించాను. ఎండ బాగా తగిలే గోడవారన కనకాంబరాలు వరసగా పెట్టాను. వాటికి చలి పడదు. అందుకే పొగమంచు రోజుల్లో సాయంత్రం కాగానే, అమ్మ పోయాక నాకు మిగిలిన ఆమె వెంకటగిరి చీరలు కప్పేదాన్ని. పొద్దున్నే తడిసిన జరీ అంచు మెరుస్తూ ఉండేది.

"ఏంటి భాభీజీ, మొక్కలకు పెళ్ళా? సాడీ కట్టారు!" అని నవ్వేది పైఅంతస్తు దీదీ. సొసైటీలో తోట కమిటీ పెత్తనం ఆవిడదే.

ఐదో చలికాలం ముందు నోటీసు అతికించారు. ఫిబ్రవరిలో కాలనీల పూలపోటీ ఉంది కాబట్టి ఇళ్ళ ముందు మళ్ళన్నిటిలో ఊదారంగు పెటూనియాలే ఉండాలట. వేరే మొక్కలుంటే ఆదివారం మాలీ వచ్చి పీకేస్తాడట.

"లగా దో నా, అమ్మా. చార్ మహీనే హీ తో హై," అని నాటెయ్యమంది మా అమ్మాయి. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

"నాలుగు నెలల కోసం నాలుగేళ్ళ వేళ్ళు పీకుతారా?" అన్నాను.

ఆదివారం పొద్దున అమ్మ చీరల్లో ఒకటి నేను కట్టుకున్నాను. కనకాంబరాల ముందు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ కూర్చున్నాను. మాలీ నారు బుట్టతో వచ్చి నన్ను చూశాడు, కుర్చీని చూశాడు, దీదీకి ఫోన్ చేశాడు. ఆవిడ షాల్ చుట్టుకుని దిగి వచ్చింది.

"భాభీజీ, జిద్ మత్ కీజియే, మొండిపట్టు వద్దు. చలికి ఇవి ఎలాగూ ఎండుపుల్లలే అవుతాయి. జడ్జీలకు ఏం చూపిస్తాం?"

"పుల్లలే చూపించండి. నావని చెప్పండి."

"మనం ఓడిపోతే?"

"నా వల్లే ఓడామని నోటీసు బోర్డు మీద రాయించండి. నేనే సంతకం పెడతాను."

"అరె బాబా!" అంటూ ఆవిడ మాలీని వెనక్కి పంపేసింది.

ఫిబ్రవరిలో నిజంగానే ఓడిపోయాం. బోర్డు మీద ఎవరూ రాయలేదు గానీ, లిఫ్టు దగ్గర నన్ను చూడగానే మాటలు ఆగిపోయేవి. నేను తల వంచలేదు. రోజూ చీరలు తీసి దులిపి దండెం మీద ఆరేసేదాన్ని.

మే నెల వచ్చేసరికి పెటూనియాలు మాడిపోయి మిగతా ఇళ్ళ ముందు మళ్ళన్నీ బీటలు తీశాయి. వడగాడ్పులో కాగితంపూలు గోడ కనబడకుండా పూశాయి. కనకాంబరాలు గుత్తులు గుత్తులుగా విచ్చాయి. ఒక పొద్దున దీదీ పూజపళ్ళెం పట్టుకుని మా గ్రిల్ అవతల నిలబడింది. పిలవడానికి మొహమాటపడుతోంది.

"ఫూల్ చాహియే థే... మా ఇంట్లో పూజ ఉంది. థోడే సే."

కొంచెం ఎందుకని పళ్ళెం తీసుకుని నింపాను. మందారాలు చుట్టూ, మధ్యలో కనకాంబరాలు, వాటి మీద నందివర్ధనాలు. మా ఇంటి పూలు మళ్ళీ ఒకరింటికి వెళ్తున్నాయి. అమ్మ చూడలేదన్న బాధ తప్ప ఇంకేం లేదు నాకు.

దీదీ పళ్ళెం అందుకుని నవ్వింది. "నవంబర్‌లో నోటీస్ ఫిర్ ఆయేగా, భాభీజీ."

"ఆనే దీజియే," అన్నాను. "మళ్ళీ రానివ్వండి. కుర్చీ అక్కడే ఉంటుంది."