మణెమ్మక్క కడిగించిన నేల

మొన్న మా చెల్లెలి కాన్పుకని దవాఖానాకు వెళ్తే, వరండాలో అప్పుడే ఫినాయిల్ వేసి తుడుస్తున్నారు. ఆ వాసన తగలగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. అందరికీ అది శుభ్రత వాసన. నాకు మాత్రం మణెమ్మక్క ఓడిపోయిన రోజు వాసన.

భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మాదొక చిన్న పట్టణం. బస్టాండు వెనక నిరాశ్రయుల వసతి గృహం ఉండేది. అందరూ షెల్టర్ అనేవారు. అక్కడ వండిపెట్టేదీ, మంచీచెడ్డా చూసుకునేదీ మణెమ్మక్క. భర్త బొగ్గుబావిలో పోయాక కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేసి, తనూ దిక్కులేకే అక్కడికి చేరిన మనిషి. నేను బడి ముఖం చూడలేదు. తాతయ్య ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు, భక్తి కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. శనివారం శనివారం పులిహోర చేసి తీసుకెళ్ళి, షెల్టర్‌లో పంచి వచ్చేదాన్ని. ఒకసారి అక్క గిన్నె అందుకుంటూ, "మంచిగున్నది చెల్లె నీ పులిహోర. శనారం పుణ్యం నీకొచ్చె. మరి ఆదివారం వీళ్ళేం తినాలె?" అని నవ్వింది. మర్నాడు కూడా వెళ్ళాను. ఆ తర్వాత వెళ్తూనే ఉన్నాను. ఆమె పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ నేర్చుకున్నది తాతయ్య చదువులో లేదు.

షెల్టర్‌కు ప్రభుత్వమిచ్చే నిధులు ఆపేస్తారట, ముందు ఒక సారు వచ్చి చూస్తాడట అని కబురొచ్చింది. "ఇంటికి మనిషొస్తుండు, ఇల్లు గిట్ల ఉంటదా?" అంటూ అక్క అందర్నీ లేపింది. గనిలో పనిచేసి ఊపిరి పాడుచేసుకున్న కొమరయ్య తాత సైతం దగ్గుకుంటూనే చీపురు పట్టాడు. ఫినాయిల్‌తో నేల కడిగారు. గడప ముందు ముగ్గేశారు. మూటలన్నీ వంటింటి వెనక దాచారు. మా నాన్న ఇస్త్రీ చొక్కా తెచ్చి కొమరయ్య తాతకు నేనే తొడిగాను. "పెండ్లికొడుకు లెక్కున్నవ్ మామా!" అంది అక్క. "పిల్ల నా దగ్గు ఇనంగనే ఉరుకుతది తియ్" అన్నాడాయన. మా వైపు అంతే. గడపలోకి ఎవరైనా వస్తున్నారంటే, ముందు మన లేమిని కనబడకుండా చేస్తాం.

సారు వచ్చి చుట్టూ చూశాడు. "బాగానే ఉన్నారు కదమ్మా వీళ్ళంతా! నిరాశ్రయులెక్కడ?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని తాత దండం పెట్టాడు. కొద్దిరోజులకే నిధులు ఆపేశారని తెలిసింది. అంత అవసరంలో ఉన్నవాళ్ళెవరూ అక్కడ కనబడలేదట.

అక్క ఊరుకోలేదు. ఈసారి అందర్నీ వాళ్ళ మూటలతో సహా వెంటబెట్టుకుని ఆ సారు ఆఫీసుకే నడిచింది. మాట్లాడమని నన్ను ముందు నిలబెట్టింది. "మీ దయవల్ల ఇన్నాళ్ళూ..." అని నేను మొదలుపెట్టానో లేదో, మోచేత్తో పొడిచింది.

"దయ గుళ్ళె అడుగు చెల్లె. ఈడ హక్కు అడగాలె." తనే ముందుకొచ్చింది. "సారూ, మీరొస్తుండ్రని కడుక్కున్నం. కడుక్కుంటే ఇల్లున్నోళ్ళమైతమా? మురికిగుంటెనే పేదోళ్ళమా?"

సారు కిటికీలోంచి బయటికి చూశాడు. "పైవాళ్ళ నిర్ణయమమ్మా" అన్నాడు. ఎంత పైవాళ్ళో చెప్పలేదు.

వానలు మొదలవుతుండగా షెల్టర్‌కు తాళం పడింది. అందరూ బస్టాండు రేకుల కిందికి చేరారు. మా ఇంటికి రమ్మని అక్కను బతిమాలాను.

"నేనొస్త. మామ యాడికి పోవాలె?"

"ఆయన్నీ తీసుకురా."

"అవ్, మిగిలినోళ్ళో? ఒక్కొక్కలను నువ్ తీస్కపోతుంటే తాళమేసినోళ్ళకు నిమ్మళం. ఎవలో ఒకలు సూస్కుంటున్నరు గదా అంటరు. నేనీడ్నే, వాళ్ళ కండ్ల ముంగట కూసుంట."

అన్నట్టే కూర్చుంది. వచ్చేపోయే ప్రతి సర్కారు జీపుకూ ఎదురెళ్ళి చెయ్యెత్తింది. ఏ జీపూ ఆగలేదు. ముందు కొమరయ్య తాత పోయాడు. జ్వరం ముదిరి, ఆ ముసురులోనే అక్క పోయింది.

అటువంటి మనిషిని నాకు చూపించినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. షెల్టర్ తెరవమని ఆఫీసుల చుట్టూ తిరగడం మాత్రం మానలేదు. ఈమధ్య ఒక పెద్దాయన జాలిపడి, "పోనీలేమ్మా, అంతా ఆ రాముడి ఇష్టం" అన్నాడు. రాముడి మీద నా నమ్మకం చిన్నది కాదు. అందుకే ఆ నింద ఆయన మీద మోపను. ఆ తాళం మనుషులు వేసింది. మనుషులే తీయాలి.