ఫ్యూజు నా జేబులోనే ఉంది

దెయ్యాల్ని నమ్మితే నా పని సాగదు. పీలమేడులో ఇరవై ఏళ్లుగా కార్లకు వైరింగు పని చేస్తున్నాను. ఎవరూ ముట్టకుండా మోగిన హారన్లు, వాటంతటవే ఊగిన వైపర్లు ఎన్నో చూశాను. వెతికితే ప్రతిదాని వెనకా ఒరుసుకుపోయిన వైరొకటి దొరికింది. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. ఆ రోజు సంగతి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్తాను.

రంగసామి అన్న, ఆయన భార్య సరోజక్క మాకు దూరపు చుట్టాలు. ఇద్దరూ సూలూరు దగ్గర పవర్‌లూమ్ షెడ్డులో పనిచేశారు. మగ్గాల మోతకు అక్క చెవులు ఎప్పుడో పోయాయి. ఆ షెడ్డుల్లో మాట వినబడదు కాబట్టి అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ వీళ్లది అదే పద్ధతి. పాత కారొకటి కొన్నాక, పొద్దు వాలితే అన్న లోపలి లైటు వేసుకునే నడిపేవాడు. ఆ లైటు లేకపోతే అక్కకు మొగుడు మూగవాడే.

పోయిన ఏడాది ఆ లైటు ఫ్యూజు పోయింది. రెండు నిమిషాల్లో కొత్తది వేసి పంపేశాను. ఎందుకు పోయిందో చూడకుండా ఫ్యూజు మార్చొద్దని మా నాన్న నేర్పిన మొదటి పాఠం. చిన్న లైటే కదా అని బద్ధకించాను. వారానికే మళ్లీ పోయింది. అన్న ఫోన్ చేస్తే, పని ఎక్కువగా ఉంది, నిదానంగా రమ్మన్నాను.

ఆయన రానే లేదు. ఒక సాయంత్రం గుండెలో నొప్పి వస్తే, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తానే ఆసుపత్రికి బయలుదేరాడు. దారిలో చీకటి పడింది. కారు పక్కకు ఆపి, అక్క వైపు తిరిగి ఏదో చెప్పాడట. చీకట్లో పెదవులు కనబడలేదు. అదే ఆఖరి మాట.

మూడు నెలల తర్వాత అక్క తన కొడుకు చేత కారు నడిపించుకుని నా షెడ్డుకొచ్చి, ఆ లైటు బాగుచెయ్యమంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఈసారి వెతికాను. అన్న డాష్‌బోర్డు మీది మురుగన్ బొమ్మకు చిన్న బల్బు పెట్టి, దాని వైరు ఈ లైటు వైరుకే కలిపాడు. అది ఇనప అంచుకు ఒరుసుకుని షార్టవుతోంది. బ్యాటరీ వైరు విప్పాను. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని, టేపు తేవడానికి లోపలికెళ్లాను. వాన మబ్బు పట్టి షెడ్డు మసకగా ఉంది. అక్క కారెక్కి ఎప్పటి తన సీట్లో కూర్చుంది.

తిరిగొచ్చేసరికి కారులో లైటు వెలుగుతోంది.

జేబు తడుముకున్నాను. ఫ్యూజు ఉంది. బ్యాటరీ వైరు విప్పినట్టే వేలాడుతోంది. అక్క ఖాళీ డ్రైవరు సీటు వైపు తిరిగి, ఎదుటి మనిషి పెదవులు చూసే చూపే చూస్తోంది. కాసేపటికి తల ఊపింది. తన పక్క కిటికీ అద్దం పిడి తిప్పి పైకెత్తుకుంది. లైటు ఆరిపోయింది.

దిగి నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు.

"అద్దం ఎత్తుకో, చలిగాలి కొడతా ఉండాది అన్నాడు తమ్ముడూ. అంతే. నొప్పి గిప్పి ఏమీ చెప్పలేదు."

ఆ మాటేమిటో తెలియక మూడు నెలలు కంటి మీద కునుకు లేదట ఆమెకు.

విప్పిన బ్యాటరీతో లైటు ఎలా వెలుగుతుందని నాకంటే పెద్ద మేస్త్రీలను అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, మొదటిసారే నేను సరిగ్గా చూసి ఉంటే ఆ మాట అక్కకు ఆ సాయంత్రమే అందేది.