మూడు వైర్‌లెస్ డబ్బాలు, ఒక వెనుక గది

మూడు వైర్‌లెస్ ఇంటర్నెట్ డబ్బాలను ఒక్క రూపాయి కట్టకుండా ఇంటికి తెచ్చి, రెండు రోజులు వాటికి పరుగుపందెం పెట్టి, చివరికి మా ఇంటికి అన్నిటికంటే పనికిరానిదాన్ని అందరికంటే అగ్గువకు కొన్న మొనగాణ్ని నేను. అడిగిన ధర పదహారు వందలు. నేనిచ్చింది పదమూడు వందల యాభై. కంప్యూటర్‌కు తగిలిస్తే సిగ్నల్ పట్టే చిన్న పుల్ల ఒకటి సగం ధరకే, నాలుగు వందలకు లాక్కున్న. నేను మెట్లు దిగుతుంటే కంప్యూటర్ దుకాణపాయన వెనుక నుంచి గట్టిగ ఊపిరి వదిలిండు. అవతలోడు అట్ల ఊపిరి వదిలితే బేరం మనం గెలిచినట్టని మా నాయన చిన్నప్పుడే నేర్పిండు. ఆయన ఊపిరికి అసలు అర్థం నాకు నెలన్నర తర్వాత గాని తెలవలేదు.

పాల్వంచ బజార్ల మాది స్టీలు సామాన్ల దుకాణం. కాలనీలోళ్లు టిఫిన్ డబ్బాలకు వస్తరు, భద్రాచలం రోడ్డు పొంటి అడవి ఊర్లోళ్లు పెండ్లి వంటల గంగాళాలకు వస్తరు. మా జాగ రైలుపెట్టె లెక్క ఉంటది. ముందు దుకాణం, దాని వెనుక నడిమి గది, తర్వాత వంటిల్లు, ఆఖరుకు ఒక చిన్న గది. రెండు పక్కలా వేరేవాళ్ల గోడలే. ఫోను గల్లా పక్కన ఉండేది. రెండువేల ఏడో ఎనిమిదో, సరిగ్గ యాది లేదు, ఆ ఫోను లైను మీదనే ఇంటర్నెట్ పెట్టించిన.

పెట్టించింది నా భార్య కోసం. ఆమెది పెనుబల్లి దిక్కు. మేం ‘ఏంది’ అంటే ఆమె ‘ఏంటండీ’ అంటది. పెండ్లికి ముందు ఖమ్మంల పెద్దమ్మ ఇంట్ల ఉండి, ఎనిమిది నెలలు ఒక పని నేర్చుకున్నది. ఎక్కడో దేశం కాని దేశంల డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేస్తే, అది చెవులకు పెట్టుకొని విని, మాట పొల్లుపోకుండ టైపు చేసుడు. పెండ్లైన రెండేండ్లకు హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను ఇంటి దగ్గర నుంచే చేసే పనికి తీసుకున్నది. నెలకు నాలుగువేల రెండు వందలు. పొద్దున ఐదింటికి కూసుంటే పగలు పన్నెండు లోపల ఫైళ్లన్నీ పంపాలె. పన్నెండు దాటితే ఆలస్యం కింద రాస్తరు. మొదటి మూడు నెలల్ల ఐదు ఆలస్యాలైతే పని పోయినట్టే. ఈ షరతు ఆమె నాకు మొదటి రోజే చెప్పింది. నేను విన్న కూడ. అది దాచుకునేది లేదు.

కంప్యూటర్ ఆఖరు గదిల పెట్టినం. అక్కడైతేనే గిన్నెల చప్పుడు వినపడదు. ఇంటర్నెట్ ముందటి గల్లా దగ్గర, ఆమె చివర. మధ్యల సంగతి ఏందని అడిగితే కంప్యూటర్ దుకాణపాయన వెంటనే చెప్పిండు. “అన్నా, వైరు లాగుకో. మూడు వందలల్ల అయిపోతది. ఇరవై ఏండ్లు చూసుకునే పని లేదు.”

మూడు వందల పని మూడు వందలకు చేయించుకుంటే ఇగ నేనెందుకు? వైరు లేని ఇంటర్నెట్ మా బజార్ల అప్పటికి ఎవరింట్ల లేదు. అది ఒక సంగతి. పక్క బట్టల దుకాణపాయనకు గోడ అవతల కూడ అందితే నెలకు నూటయాభై చొప్పున ఆయన దగ్గర వసూలు చేయొచ్చని లోపల ఇంకో లెక్క. సగం బిల్లు ఆయనే కట్టుకుంటడు కదా అనుకున్న. అందుకే ఎంత దూరం అందుతదో కొలవాలని కూసున్న.

దుకాణపాయన దగ్గర దుకాణపాయన సామాను తీసుకుంటే మా దిక్కు ముందు డబ్బులడగరు. నచ్చితే ఉంచుకుంటం, లేకుంటే సీలు చెడకుండ తిరిగిస్తం. ఆ వాడుక మీద మా బజార్ల ఈ కంప్యూటర్ దుకాణపాయన దగ్గర ఒకటి, కొత్తగూడెంల ఒకటి, ఖమ్మంల ఒకటి, మూడు డబ్బాలు తెచ్చిన. మా బజారు పెట్టె మీద యాభై నాలుగు, ఇంకోదాని మీద నూట ఎనిమిది, మూడోదాని మీద మూడు వందలు అని వేగం రాసున్నది. మూడోదానికి మూడు కొమ్ములు కూడ ఉన్నయ్. సీళ్లను వేడినీళ్ల ఆవిరి పట్టి లేపిన. మళ్ళ అంటించేటప్పుడు గోరంత తేడా రానీయలేదు. ఆ శ్రద్ధల పావువంతు ఇంకోచోట పెట్టినా బాగుండేది.

అప్పుడే లగ్గాల సీజన్ ముందు దుకాణానికి సున్నం వేయించినం. ర్యాకులన్నీ ఖాళీ. పాత సామాను వాడకట్టు చివర గోదాముల ఉన్నది. కొత్త లోడు ఇంకా రాలేదు. ఆ తీరిక చూసుకునే నేను పోటీ పెట్టిన.

“సిగ్నల్ ఎన్ని గీతలే?” అని గల్లా దగ్గర నుంచి అరుస్త.

“నాలుగండీ!” అని ఆఖరు గది నుంచి జవాబు.

“ఇప్పుడు ఇంకో డబ్బా. ఎన్ని?”

“నాలుగే.”

“గట్టిగ చూడు, మూడున్నరేమో!”

“మీరు కూరగాయల తక్కెడ అనుకుంటున్నారా ఏంటి, మూడున్నర రావడానికి?”

మా నాయన గల్లా మీద కూసొని విసుక్కున్నడు. “ఒరేయ్, సున్నానికి ఇచ్చిన డబ్బుల కన్నా నీ గీతలు ఎక్కువైనయ్ రా.”

వేగం చూడనీకి ఒకటే ఫైలు మూడు డబ్బాల మీద దించి, గడియారం పట్టుకొని కూసున్న. మూడింటికీ తొమ్మిది నిమిషాలే. యాభై నాలుగూ అంతే, మూడు వందలూ అంతే. పోయి కంప్యూటర్ దుకాణపాయన్ను నిలదీసిన.

“ఏం తమ్మీ, మూడు వందలని రాసి అమ్ముతరు, ఒక్క సెకను ముందు రాలేదు?”

“మీ లైను వేగమే తక్కువ గదన్నా. లోపలికొచ్చే పైపు చిటికెనవేలంత ఉంటే నల్లా ఎంత పెద్దది పెడితే ఏంది? నీళ్లు అన్నే.”

“అవ్. గట్లైతే చిన్న నల్లానే ఇయ్యి. ధర కూడ చిన్నగ చెప్పు.”

“వేగం మాట అది. అందుడు మాట వేరే అన్నా. మధ్యల ఏమేం అడ్డమున్నయో…”

“కొలిచిన తమ్మీ. నాలుగు గీతలు. నా ఇల్లు నాకు చెప్తవా?”

ఇగ ఆయనేమంటడు? ధర దించిండు, ఊపిరి వదిలిండు.

రెండు వారాలు బ్రహ్మాండంగ నడిచింది. ఆమె పదకొండున్నరకే ఫైళ్లన్నీ పంపి వంటింట్లకు వచ్చేది. నెలాఖరుకు సగం నెల లెక్కన మొదటి జీతం వచ్చిన్నాడు బట్టలు కొనుక్కోలేదు, మంచి కుర్చీ ఒకటి కొనుక్కున్నది. నడుం నొస్తలేదని ఎంత సంబరపడ్డదో.

తర్వాత లారీ వచ్చింది. బిందెలు, గుండిగలు, బియ్యం డబ్బాలు, గంగాళాలు, ఒకదాంట్లొకటి దూర్చి కింద నుంచి కప్పు దాక పేర్చినం. మా దుకాణం నిండితే నాకు కడుపు నిండినట్టు ఉంటది. అదే రోజు ఆఖరు గదిల నాలుగు గీతలు రెండైనయ్. రెండో లారీకి ఒకటి. ఆ తర్వాత ఫైలు సగం పోయి తెగుడు, మళ్ళ మొదటి నుంచి పంపుడు. పన్నెండు దాటింది. ఒక ఆలస్యం. ఆ వారంలనే ఇంకో రెండు.

నేను కంప్యూటర్ దుకాణపాయన మీద పడ్డ. నాసిరకం అంటగట్టినవన్న. ఆయన ఇంటికొచ్చి, గుమ్మంల నిలబడి దుకాణం లోపలికి చూసి నవ్విండు.

“అన్నా, గోడ ఉంటేనే కష్టం. నువ్వు నిలువెత్తు స్టీలు గోడ కట్టినవ్. సిగ్నల్ ఎట్ల దాటుతది? కొలిచిన్నాడు గిదంత ఉన్నదా?”

లేదు. పుట్టినకాడి నుంచి ఆ గిన్నెల మధ్య పెరిగినోణ్ని, అవి లేని ఆ కొద్ది దినాలల్ల ఇల్లు కొలిచిన. ఆయన రెండు వరసల డబ్బాలు పక్కకు జరిపించిండు. “రెండొచ్చాయండీ!” అని లోపల నుంచి కేక వినపడ్డది. మళ్ళ పెట్టినం. పోయినయ్.

“మూడు కొమ్ములది పెడితే?” అని అడిగిన.

“ఇంకో గీత పెరుగుతదేమో. నమ్మకం లేదు. వైరు లాగుదాం. కాకపోతే ర్యాకులు దించాలె, దినమంత దుకాణం మూయాలె.”

దినమంత. లగ్గాల నెలల. నా మొఖం చూసి ఆయన చాయ్ కూడ తాగకుండ పోయిండు.

ఆమె నడిమి గది తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

“రేపు లాగించండి” అన్నది.

“రేపు గురువారం. ఎల్లుండి మంచి లగ్గాలున్నయ్, ఊర్లన్నీ రేపే వస్తయ్. పది దినాలాగు, అమావాస్యకు ఎట్లాగూ మూస్తం.”

“పోనీ నేల మీద నుంచైనా లాగండి.”

“గంగాళం ఈడిస్తే తెగుతది.”

“నాకు ఇప్పటికే మూడయ్యాయండీ.”

“ఐదు గద షరతు. ఇంకా రెండున్నయ్.”

ఈ మాట నేనే అన్న. గిరాకీతో అన్నట్టే అన్న. ఆమె లోపలికి పోయింది. కోపం చేసినా నేను ఇంకో రెండు మాటలు ఆడి, ఏదో ఒకచోట దిగేవాణ్నేమో. ఆమెకు బేరం రాదు.

తెల్లారి నుంచి ఫైళ్లు చిన్న పెన్‌డ్రైవుల వేసుకొని, పదకొండింటికి ఆటో ఎక్కి బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు పోవుడు మొదలుపెట్టింది. ఒకనాడు పోయేసరికి కుర్చీలన్నీ నిండి ఉన్నయట. పన్నెండు నలభై. ఇంకోనాడు కరెంటు పోయింది. ఐదూ అయిపోయినయ్. అమావాస్యకు ఇంకా మూడు దినాలున్నది.

ఫోను గల్లా మీదనే ఉండె గద, కంపెనీ ఫోను కూడ అక్కడికే వచ్చింది. మా నాయన లోపలికి కేకేసిండు. “అమ్మా, హైదరాబాదు నుంచి.” ఆమె చేతులు తుడుచుకుంట వచ్చి గిరాకీల మధ్యల నిలబడి మాట్లాడింది. మాట్లాడిందంటే ఏంది, “సరేనండీ” అన్నది, మళ్ళ “సరేనండీ” అన్నది, పెట్టేసింది. ఎదురుగ ఒక ముసలామె బిందె పట్టుకొని, “ఇదెంత బిడ్డా?” అని అడిగింది. నా భార్య ధర చెప్పింది. సరైన ధరే చెప్పింది. తర్వాత లోపలికి పోయింది.

అమావాస్య రోజు దుకాణం మూసి వైరు లాగించిన. ఎంత బాగ పనిచేసిందో! పెద్ద పెద్ద ఫైళ్లు తెగకుండ పోతుంటయ్, పంపేటోళ్లు లేరు. బట్టల దుకాణపాయన ఇంటర్నెట్ నాకెందుకన్నడు. ఇంకో కంపెనీకి రాయమని ఆమెకు నేను రెండు మూడుసార్లు చెప్పిన.

“మళ్ళీ సీజన్ వస్తుంది కదండీ” అన్నది. దెప్పినట్టు కాదు, వాన వస్తదేమో గొడుగు తీసుకుపొమ్మన్నట్టు అన్నది. ఆ తర్వాత నేను చెప్పలేదు. ఆమె మళ్ళ ఏ కంపెనీకీ రాయలేదు.

ఇగ బిల్లు. డబ్బా పదమూడు వందల యాభై. పుల్ల నాలుగు వందలు. వైరు, కూలి కలిపి మూడు వందల పది. ఆటోలకు, నెట్ సెంటరుకు ఆమె పెట్టుకున్నది రెండు వందల ఇరవై. మొత్తం రెండువేల రెండు వందల ఎనభై. మూడు వందలతో అయ్యేదానికి ఇంతైంది. ఇంతవరకు నేను ఎవరికైనా నవ్వుకుంట చెప్పుకోగలను, చెప్పుకున్న కూడ. చెప్పుకోనిది ఇంకోటి ఉన్నది. ఆ గురువారం దుకాణం మూయనందుకు నాకు మిగిలిన లాభం ఆరు వందల నలభై. మబ్బు పట్టి ఊర్లు రాలేదు. ఆమె ఎనిమిది నెలల చదువు, నెలనెలా వచ్చే నాలుగువేల రెండు వందలు, సొంత డబ్బులతో కుర్చీ కొనుక్కున్న ఆ సంబరం, అన్నీ కలిపి ఆ ఆరు వందల నలభైకి ఇచ్చేసిన. జీవితంల ఒక్క రూపాయి పెంచమని అడగకుండ నేను చేసిన బేరం అదొక్కటే.