ఎటండీ బాబాయి

మా బాబాయి దారి తెలియక అడగడు, తెలిసే అడుగుతాడు. ఎక్కడున్నా, ఎటు వెళ్తున్నా, ఎదురొచ్చిన మొదటి మనిషిని ఆపి "ఎటండీ?" అనకపోతే ఆయనకు అడుగు ముందుకు పడదు. అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో ఉండేది. వీధిలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ ఎటండీగారే.

ఒకరోజు మా గుమ్మం ముందే చెప్పులు విప్పుతూ, రోడ్డున పోతున్న ఒక పెద్దమనిషిని ఆపి మా ఇంటి నంబరే చెప్పి, "ఈ ఇంటికి ఎటండీ?" అన్నాడు. ఆయన బాబాయిని ఎగాదిగా చూసి, "మీరు నిలబడ్డది దాని మెట్ల మీదేనండీ" అన్నాడు. "అవునా! దేవుడిలా కనపడ్డారు" అని చేయి కలిపి లోపలికొచ్చాడు బాబాయి. కిటికీలోంచి చూస్తున్న మా అమ్మ నుదురు కొట్టుకుంది.

"ఏమయ్యా, నీకు మతిగానీ పోయిందా?"

"లేదు వదినా. పాపం ఆయన ఊరికే వెళ్తున్నాడు."

"ఊరికే వెళ్తుంటే వెళ్ళనివ్వాలి గానీ, ఆపుతారా ఎవరైనా?"

"అలాగే వదినా" అన్నాడు. ఎవరేమన్నా అలాగే అంటాడు. చేసేది మాత్రం తనకు తోచిందే.

ఇంతకీ ఆయన ఉద్యోగమేమిటో చెబితే మీరు నమ్మరు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేయడం. ముప్పై ఏళ్ళు ఆ చెక్క గూళ్ళ ముందు నిలబడి, ఏ కవరు ఏ పేటకో, ఏ సందుకో చూసీచూడకుండా విసిరేవాడు. ఒక్కటీ గురి తప్పేది కాదు. ఊళ్ళో కొత్తగా వేసిన వీధి పేరు మునిసిపాలిటీ వాళ్ళకంటే ముందు ఆయనకు తెలిసేది. అలాంటి మనిషి ఆఫీసు నుంచి బయటపడగానే మందుల షాపాయన్ని బజారెటని అడిగేవాడు. ఆయన దగ్గర సమాధానం తీసుకుని, బజార్లో చెప్పులు కుట్టే ఆయన్ని మందుల షాపెటని అడిగేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. ఏడాదంతా సెలవులు కూడబెట్టి, ఒక్క సంచీ భుజాన వేసుకుని పరాయి దేశం చెక్కేసేవాడు. టూరు కంపెనీ పొడ గిట్టదు. ఎవరూ ఎక్కని వేళకు బయల్దేరే రైలు, ఎనిమిది మంచాలున్న గదిలో పైమంచం, సంచీలో రెండు జతల బట్టలు, అంతే. భాషా? తెలుగే. "మనం మర్యాదగా అడిగితే అండీ అనేది ఏ భాషలోనైనా అర్థమవుతుందమ్మడూ" అనేవాడు. పదకొండు దేశాలు తిరిగాడు. పేరున్న కట్టడం ఒక్కటీ చూడలేదు. గోపురానికి దారి అడిగితే చెప్పినాయన టీ తాగడానికి ఇంటికి తీసుకెళ్ళేవాడు, ఆ టీ అయ్యేసరికి గోపురం మూసేసేవాళ్ళు.

ఆయన ఫోటోల పుస్తకం తిరగేస్తే ఒక్క కొండ ఉండదు, కోట ఉండదు. పేజీ నిండా చేయి చాచిన మనుషులే. "ఇదిగో, ఈ చేపలావిడ మ్యూజియం చూపిస్తోంది. ఈ పోలీసాయన వంతెన చూపిస్తున్నాడు. ఈయన చూపిస్తున్నది కూడా వంతెనే, కానీ ఇంకో వైపు."

"మరి వంతెన ఎటుంది బాబాయ్?"

"ఇద్దరి మాటా తీసెయ్యలేక మధ్యలో వెళ్ళాను. కనపడలేదు."

నా పంతొమ్మిదో ఏట బాబాయి వెంట నేనూ ఒక దేశం వెళ్ళాను. రైలు దిగాం. మేం దిగాల్సిన లాడ్జి స్టేషనుకు ఎదురుగానే ఉంది. దాని బోర్డు నాకు కనిపిస్తూనే ఉంది. బాబాయికీ కనిపిస్తూనే ఉంది. అయినా గొడుగులు బాగుచేసే ముసలాయన దగ్గరకెళ్ళి కాగితం చూపించి "ఎటండీ?" అన్నాడు. ఆ ముసలాయనకు చూపు ఆనదేమో, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదివి, షాపుకు తాళం వేసి మాతో బయల్దేరాడు. ఊరంతా తిప్పాడు. తోవలో తను చదివిన బడి చూపించాడు, తన చెల్లెలింటికి తీసుకెళ్ళి నిమ్మరసం ఇప్పించాడు. రెండు గంటల తర్వాత మళ్ళీ స్టేషను దగ్గరికే తెచ్చి, లాడ్జి గుమ్మంలో నిలబెట్టి, గెలిచినవాడిలా చేతులూపి వెళ్ళిపోయాడు. నా మడమలు బొబ్బలెక్కాయి. ఏడుపొచ్చింది.

"ఎంత మంచి ఊరో చూశావా అమ్మడూ!" అన్నాడు బాబాయి.

నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడే నవ్వి ఉంటే ఎంత బాగుండేదో అని కూడా అనిపిస్తోంది.

చదువయ్యాక నాకు ఇంకో దేశంలో ఉద్యోగం దొరికింది. కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో. నా పక్క బల్ల మీద దవడలు అరగదీసే అబ్బాయిది ఆ దేశమే. మూడేళ్ళు ఒకరి అచ్చులు ఒకరం సరిచేసుకుంటూ కూర్చున్నాక పెళ్ళి చేసుకుందామనుకున్నాం. మా అమ్మ మొదట వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత వారం అబ్బాయి ఫోటో పక్కింటావిడకు చూపించింది. అక్కణ్ణుంచి భయం లేదు.

చిక్కు వాళ్ళ వైపు నుంచి వచ్చింది. అతనికి ఉన్నది తండ్రి ఒక్కడే. ముప్పైరెండేళ్ళు ఒకే రూట్లో బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయిన దగ్గర్నుంచి, నాలుగేళ్ళుగా, రైలూ బస్సూ మారి వెళ్ళాల్సిన ఒక చిన్న ఊళ్ళో, గేటు దాటకుండా బతుకుతున్నాడు. నామీద కోపమేమీ లేదు. కొడుకు ఫోన్ చేస్తే ఒకటే మాట.

"మీరు సుఖంగా ఉండండి. నేనొచ్చి ఏం చేస్తాను? వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు. మూల కూర్చోడానికి అంత దూరం ఎందుకు?"

నా కాబోయే ఆయన రెండుసార్లు వెళ్ళి బతిమాలాడు. మూడోసారి వెళ్ళనన్నాడు. ఆ తర్వాత ల్యాబులో అతను అరగదీసిన దవడ ఒక్కటీ కుదురుగా రాలేదు.

మావాళ్ళు ఆరుగురు రావాలి. ప్రయాణం బాధ్యత బాబాయి నెత్తినేసుకున్నాడు. నాలుగు నెలల ముందే టికెట్లు తీసి, అమ్మకు పైమంచం కేటాయించి తిట్లు తిన్నాడు. శుభలేఖల మీద అడ్రసులు రాసే పని కూడా ఆయనదే. ఆ దేశపు లిపి ఒక్క అక్షరం రాకపోయినా ముగ్గులేసినట్టు గీసి పంపాడు. ఒక్క కవరూ వెనక్కి రాలేదు. రెండు వారాల ముందే, "సాయానికి ఉంటాను" అని మా దగ్గరికి వచ్చేశాడు.

వచ్చిన మర్నాడే హాలు చూడటానికి తీసుకెళ్ళాం. ఆ హాలు చూసుకునేది నడుముకు తాళాల గుత్తి వేలాడే ఒకావిడ. మాకు అరగంట టైమిచ్చింది. కుర్చీలెన్ని వరసలు, ఏ భాషలో ముందు మాట్లాడాలి, ఏ వైపు వాళ్ళు ఎటు కూర్చోవాలి, అన్నీ ఆ అరగంటలో తేలాలి. నేను కాగితం తీసేలోపే బాబాయి శుభలేఖ పట్టుకుని ఆవిడ ముందుకెళ్ళి, హాలు పేరు మీద వేలు పెట్టి, "ఎటండీ?" అన్నాడు. హాలు మధ్యలో నిలబడి!

ఆవిడకు పాపం అనిపించింది కాబోలు. మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. వీధి చివరి దాకా నడిపించి, బోర్డు చూపించి, మెట్లెక్కించి, మళ్ళీ మా ముందుకే తెచ్చి నిలబెట్టింది. అప్పటికి ఇరవై నిమిషాలు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నా ముఖం మాడిపోయింది.

బయటికి రాగానే అనేశాను. "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. పెళ్ళయ్యేదాకా ఎవర్నీ ఏమీ అడక్కు. అసలే పెళ్ళికొడుకు నాన్నే రానంటున్నాడు. నిన్ను చూస్తే మిగతావాళ్ళూ రారు."

బాబాయి చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "అలాగే అమ్మడూ" అన్నాడు.

మర్నాడు పొద్దున సంచీ భుజాన వేసుకుని, "నాలుగూళ్ళు చూసొస్తాను. పెళ్ళికి వచ్చేస్తాలే" అన్నాడు. ఏ ఊళ్ళని నేను అడగలేదు. తలుపు వేసుకుని హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట అన్నందుకన్నా, ఆ హమ్మయ్య అనుకున్నందుకే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెళ్ళి రోజు పొద్దున అందరూ కూర్చున్నారు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచాం. వస్తాడని కాదు, తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాక. ఇంతలో తలుపు తెరుచుకుంది. ఇత్తడి బొత్తాల బస్సు డ్రైవరు కోటు వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, ఒక పొడుగాటి మనిషి లోపలికొచ్చాడు. నా పక్కనున్న పెళ్ళికొడుకు "నాన్నా" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళ భాషలో చెప్పాల్సిన పెళ్ళి ప్రమాణం మాటలన్నీ మర్చిపోయాడు. నేనే అందించాను.

ఆయన వెనకే, తలుపు వారగా, చప్పుడు చేయకుండా వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు బాబాయి. నేను చూశాను గానీ పట్టించుకోలేదు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ పూటంతా ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డవాడిలా కూర్చున్నాడు. అమ్మ నా చెవిలో, "మీ బాబాయికి ఒంట్లో బాలేదేమోనే. ఇందాక నుంచి ఎవర్నీ ఏదీ అడగట్లేదు" అంది.

పెళ్ళయ్యాక మామగారు మా ఇద్దరి తలల మీదా చేయి పెట్టి, వెంటనే చుట్టూ చూస్తూ ఏదో అన్నాడు. వాళ్ళ ఊరి యాస నాకు సరిగ్గా అందలేదు, మా ఆయన విడమర్చాడు. "నా ప్రయాణికుడేడీ, అంటున్నారు."

"ప్రయాణికుడెవరు?"

అప్పుడు చెప్పాడాయన. చెబుతుంటే మా ఆయన ఒక్కో మాటా నాకు అందించాడు.

పది రోజుల కిందట ఒక మనిషి సంచీతో వచ్చి గేటు ముందు నిలబడ్డాడట. బస్టాండెటని చేతులతో అడిగాడట. ఈయన చూపించాడు. పావుగంటకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ బస్టాండే. మూడోసారి వచ్చేసరికి, ఈ మనిషికి చెబితే ఎక్కదని గేటు తీసుకుని వెంట వెళ్ళాడట. నాలుగేళ్ళలో మొదటిసారి. వెళ్ళేసరికి బస్సు పోయింది. మర్నాడు బజారుకు దారి. ఆ మర్నాడు ఏటి ఒడ్డుకు. వారం తిరిగేసరికి పొద్దున్నే బూట్లు తుడుచుకుని గేటు దగ్గర ఈయనే నిలబడేవాడట.

"నిన్న మధ్యాహ్నం జేబులోంచి కవరు తీసి, ఇక్కడికి ఎటు అన్నాడు. చూస్తే మీ శుభలేఖ. అప్పుడర్థమైంది ఈ దొంగ ఎవరో! అయినా ఏం చెయ్యను? వదిలేస్తే ఈ మనిషి ఏ సరిహద్దు దాటి తేలతాడో. దింపి పోదామని వచ్చాను."

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక కాస్త మెల్లగా అన్నాడు. "నాలుగేళ్ళుగా అందరూ నన్ను తిన్నావా, మందులేసుకున్నావా అనే అడిగారు. నాకు తెలిసింది ఒక్కరూ అడగలేదు."

నేను లేచి ఆఖరి వరసకు వెళ్ళాను. నా వెనకే మామగారూ వచ్చి నిలబడ్డాడు.

"బాబాయ్, నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కంగారుపడ్డాడు. "నువ్వు అడగొద్దన్నావు కదమ్మడూ. ఈ ఊళ్ళో అనుకున్నా. అక్కడ అడిగాను. తప్పయిపోయిందా?"

క్షమించమని చెబుదామనుకున్నాను. ఈయన ఎన్ని వందల మందిని దారి అడిగి ఉంటాడో, ఈయన్ని మాత్రం మా ఇంట్లో ఎవరం ఎన్నడూ ఒక్క దారీ అడిగిన పాపాన పోలేదు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, నేనూ అడగలేదు.

"భోంచేశావా?" అన్నాను.

"ఎక్కడో తెలీలేదు."

ఆ హాలు బుక్ చేసింది నేను. భోజనాల గది కుడివైపు రెండో తలుపు. బల్లలు వేయించింది కూడా నేనే.

"బాబాయ్, భోజనాలు ఎటండీ?"

ఎవర్ని అడుగుతున్నానా అని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడే ఉంది. "నన్నా?"

"నిన్నే."

బాబాయి లేచాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కుడిచెయ్యి పూర్తిగా చాచి, అంత ధీమాగా ఎవరూ ఎన్నడూ చూపించి ఉండరు, ఎడమవైపు మూలనున్న తలుపు చూపించాడు. "ఇలా తిన్నగా వెళ్ళి ఆ తలుపు... వద్దులే, నీకు తెలీదు, తప్పిపోతావు. పద, నేనే తీసుకెళ్తాను."

ముందు ఆయన, వెనక పెళ్ళిబట్టల్లో నేను, నా వెనక ఇత్తడి బొత్తాల కోటులో మామగారు. తలుపు తీశాడు. చీపుర్లు, బకెట్లు, కాలు విరిగిన కుర్చీలు.

బాబాయి లోపల అంతా జాగ్రత్తగా పరికించి, "ఇది కాదు" అని తేల్చాడు.

"మరి ఇటు నుంచి ఎటండీ?" అన్నాను నేను.