ఆక్సీమీటరుతో ఫ్లోరెన్స్

మా బిల్డింగులో లిఫ్టులు రెండు. ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది. రెండోది, దాని పని కూడా నేనే చేస్తున్నానన్న అలకతో పై అంతస్తులో కూర్చుంటుంది. బటన్ నొక్కితే దిగుతుంది, కాదనను. కానీ ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తీసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని గానీ కదలదు. షార్జా ఎండలో పెరుగు డబ్బా పట్టుకుని దానికోసం నిలబడ్డవాడు మజ్జిగతో ఇంటికి చేరతాడు.

ఈ విషయంలో మా ఆవిడ దగ్గర నాకు సానుభూతి దొరకదు. ఆవిడ ఆ లిఫ్టు ఎక్కడం మానేసి చాలా కాలమైంది.

2020 వేసవిలో ఆవిడకి కరోనా వచ్చింది. నాకూ వచ్చింది గానీ నాది చెప్పుకోదగ్గది కాదు. రెండు రోజులు జ్వరం, ఆ తర్వాత కొన్నాళ్ళు రుచి తెలియలేదు. వంట నేనే చేసుకుంటున్న రోజులు కాబట్టి అదీ కలిసొచ్చింది. ఆవిడది మాత్రం ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది. ఆస్పత్రిలో మంచానికి ఎదురుగా గోడ మీద ఎవరో ట్రావెల్స్ వాళ్ళ క్యాలెండరు ఉండేది. అందులో ఫ్లోరెన్స్ అనే ఇటలీ ఊరు, ఊరి నడుమ గళ్ళచీర కట్టినట్టు పాలరాతి గంటల గోపురం. పేజీ తిప్పే తీరిక ఎవరికీ లేక ఆ నెల అలాగే ఉండిపోయింది. ఒకరోజు వీడియో కాల్‌లో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, "ఊపిరి సరిగ్గా అందనీండి, దీని పైకెక్కుతాను" అంది.

"ముందు బాత్రూం దాకా నడువు. ఇటలీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో చాలాసేపు నిలబడి ఉన్నాను. ఏం వండుకోవాలో తోచలేదు, అంతే.

ఇంటికొచ్చిన రోజున కారు దగ్గర్నుంచి లిఫ్టు దాకా రావడానికే మధ్యలో కూర్చోవలసి వచ్చింది. కాస్త ఓపిక రాగానే మెట్లెక్కడం మొదలుపెట్టింది. మాది నాలుగో అంతస్తు. మొదట్లో ఒక అంతస్తు ఎక్కి మిగతాది లిఫ్టులో వచ్చేది. తర్వాత రెండు ఎక్కేది. వెనకాలే నేను, జేబులో ఆక్సీమీటరు. వేలికి బట్టల క్లిప్పులా తగిలిస్తే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెప్పే బుల్లి మిషను అది. ప్రతి మలుపులోనూ "ఆయాసమొస్తోందా?" అనడం, ఆవిడ వేలు పట్టుకోవడం, ఇదే నా ఉద్యోగం. మా బిల్డింగు కాపలా చూసే పఠాన్ నాతూర్‌కి ఇదంతా ఒక పట్టాన అర్థం కాలేదు.

"మేడమ్, ఆజ్ లిఫ్ట్ ఖరాబ్ నహీ హై!" అని, ఇవాళ లిఫ్టు బాగానే ఉందని కింద నుంచి అరిచేవాడు, శుభవార్త మోసుకొచ్చినట్టు.

"మాలూమ్ హై భాయ్" అనేది ఆవిడ, ఆగకుండా.

ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, మా ఇద్దరికీ గొడవేమోనని గొంతు తగ్గించి అడిగాడు. "క్యా హువా సాబ్? ఝగ్‌డా?"

"నై భాయ్. ఇటలీ జానా హై."

"సీఢీ సే?" అన్నాడు. మెట్ల మీదుగానా అని.

రెండేళ్ళకి, దేశాలన్నీ మళ్ళీ తలుపులు తీశాక, నిజంగానే వెళ్ళాం. ఫ్లోరెన్స్‌లో ఒక రోజంతా కాలినడకన ఊరు చూడటం, చివర్లో గోపురం. ప్రోగ్రాం ఆవిడదే. మన గల్ఫ్ వాళ్ళకి నడక అంటే పార్కింగు నుంచి ఏసీ దాకా. అక్కడ రెండూ లేవు. రాళ్ళు పరిచిన సందులు, ఆ రాళ్ళు కూడా ఒక్కోటి ఒక్కో ఎత్తు. పొద్దున్నే నది మీద పాత వంతెన దగ్గర మొదలుపెట్టాం. వంతెన నిండా బంగారం కొట్లే.

"దీనికి విమానం ఎక్కాలా? దుబాయ్‌లో డేరా బంగారం బజారుకి మనింటి ముందే బస్సుంది" అన్నాను.

"డేరా కొట్ల కింద నది లేదుగా. నడవండి."

నేను కనబడ్డ అరుగునల్లా మెచ్చుకోవడం మొదలుపెట్టాను. "ఇది చాలా చారిత్రకమైన అరుగులా ఉంది, కాసేపు కూర్చుందాం" అని. నా ఉద్దేశం ఆవిడని కూర్చోబెట్టడం. ఆవిడ "మీరు కూర్చోండి, నేను ఆ చర్చి చూసొస్తా" అనేది. మధ్యాహ్నానికి ఆ ఊళ్ళో చర్చిలన్నీ ఆవిడా, అరుగులన్నీ నేనూ చూశాం.

గోపురం ముందు గొడుగులు అమ్ముతున్న బంగ్లాదేశ్ ఆయన మమ్మల్ని చూడగానే హిందీ అందుకున్నాడు. ఇదివరకు మా షార్జా పక్కనే అజ్మాన్‌లో పనిచేశాడట. మేం పైకెళ్తున్నామని తెలిసి తలెత్తి చూసి, తల అడ్డంగా ఊపాడు. "బహుత్ ఊపర్ హై భాబీ. యహా సే ఫోటో లో, ఖలాస్." ఇక్కణ్ణుంచే ఫోటో తీసుకుంటే సరిపోతుందట.

నాకు ఆయన మీద తక్షణం గౌరవం కలిగింది. "ఇక్కడే ఉండే మనిషి. తెలిసే చెప్తున్నాడు" అన్నాను.

"గొడుగు కావాలంటే కొనుక్కోండి. సలహా వద్దు" అంది.

గుండె, ఊపిరి ఇబ్బందులున్నవాళ్ళు ఎక్కవద్దని గుమ్మం దగ్గర బోర్డు ఉంది. పైకి చదివాను. రెండోసారి కూడా చదివాను. కిందనున్న ఇటాలియన్‌లో కూడా ప్రయత్నించాను.

"యల్లా, నడవండి" అంది మా ఆవిడ.

లోపల మెట్లు మనిషిన్నర వెడల్పు. దిగేవాళ్ళు ఎదురైతే గోడకి అతుక్కుని ఆగాలి. ఆ భాగ్యం కోసం ఎదురుచూస్తూ ఎక్కాను. ఆవిడ ముందు వెళ్తోంది, షార్జాలో నేర్చుకున్న పద్ధతిలోనే. ముక్కుతో పీల్చడం, నోటితో మెల్లగా వదలడం, మెట్టు. మళ్ళీ పీల్చడం, వదలడం, మెట్టు. సగం పైన కాస్త జాగా ఉన్నచోట ఆగింది. గోడకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది.

"దిగిపోదాం. ఇక్కణ్ణుంచి కూడా ఊరు బాగానే కనిపిస్తోంది" అంటూ జేబులోంచి మిషను తీశాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎయిర్‌పోర్టులో ట్రేలో వేసినప్పుడే చూశాను. ఎందుకు తెచ్చారు?"

"ఊరికే."

మిషను నా చేతిలోంచి తీసుకుని నా వేలికే తగిలించింది. ఆక్సిజన్ పర్వాలేదు. గుండె అంకె చూసి మాత్రం మిషను కీచుకీచుమని అరిచింది.

"ఆయాసమొస్తోందా?" అని అడిగింది, అచ్చం నా గొంతుతో.

"లేదు."

"అయితే పదండి."

పైన గాలి. ఇనుప వలకి అవతల, చేతికందేటంత దగ్గర్లో, పెద్ద చర్చి ఎర్ర గుమ్మటం. కింద గొడుగుల ఆయన ఎక్కడున్నాడో కూడా తెలియడం లేదు. ఆవిడ రెండు చేతులతో వలని పట్టుకుని చూస్తోంది. భుజాలు పైకీ కిందకీ ఆడుతున్నాయి. ముక్కుతో పీల్చడం, నోటితో వదలడం. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"నాకెప్పుడో తగ్గిపోయింది" అంది. "మీకే ఇంకా తగ్గలేదు."